ఆస్ట్రేలియా నేలను కప్పే మొక్కలు: మెల్‌బోర్న్ పశ్చిమాన ముందు తోట వేయడానికి సమగ్ర మార్గదర్శి

మెల్‌బోర్న్ పశ్చిమాన టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ వైపు కొత్త ఇల్లు తీసుకున్న తెలుగువాళ్లకు, తాళాలు చేతికొచ్చాక మొదలయ్యే టెన్షన్ ముందు తోట. చాలా ఎస్టేట్లలో దాన్ని ఫలానా గడువులోగా పూర్తి చేయాలన్న నిబంధన ఉంటుంది. గడువు దగ్గరపడేసరికి కొందరు కంకర పోసేస్తారు, కొందరు ప్లాస్టిక్ గడ్డి పరిపించేస్తారు. జనవరి ఎండలో ఆ ప్లాస్టిక్ మీద పిల్లలు ఉత్త కాళ్లతో నిలబడలేరు. పచ్చిక వేసినవాళ్లేమో వేసవంతా నీళ్లు పెడుతూ, వారం వారం కోస్తూ ఉండాలి.

ఇదే చోట ఈ నేలలో పుట్టిన పాకే మొక్కలు నాటితే, రెండేళ్లలో నేల కనబడకుండా అల్లుకుంటాయి. కోత యంత్రం అక్కర్లేదు, నీళ్లు తక్కువ చాలు, తేనెటీగలూ పిట్టలూ వస్తాయి. కానీ ఒక్క షరతు. నర్సరీకి వెళ్లి పువ్వు చూసి మొక్క కొనకూడదు. ముందు నేలను చూడాలి, గడ్డిని వదిలించాలి, ఆ తర్వాతే మొక్క ఎంచాలి. నాటాక మనకు అలవాటైన ఎరువు చేతిని కాస్త కట్టేసుకోవాలి. ఈ మార్గదర్శిలో సగం నాటకముందు చేసే పనే ఉంది, ఎందుకంటే ఫలితం తేలేది అక్కడే.

మొదట మట్టిని పట్టి చూడండి

మెల్‌బోర్న్ పశ్చిమ మైదానం పాత అగ్నిపర్వతాల లావా మీద ఏర్పడింది. ఆ బసాల్ట్ రాయి అరిగి వచ్చిన బంకమట్టి మన దక్కన్ నల్లరేగడికి చాలా దగ్గర. వానకు ఉబ్బి చెప్పులకు అంటుకుంటుంది, ఎండకు పగుళ్లిస్తుంది. పత్తి చేలల్లో తిరిగినవాళ్లకు దీని స్వభావం కొత్తగా చెప్పక్కర్లేదు. పైగా కొత్త ఇళ్ల దగ్గర బిల్డర్ యంత్రాలు తిరిగి ఆ మట్టి గట్టిగా అణిగిపోయి ఉంటుంది. సిమెంటు ముక్కలూ ఇటుక పెళ్లలూ అందులోనే పూడి ఉంటాయి.

రెండు పరీక్షలు చేయండి, రెండింటికీ ఖర్చు లేదు.

ఒకటి, నీరు ఇంకే పరీక్ష. 30 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి నీళ్లు నింపండి. అవి ఇంకిపోయాక మళ్లీ నింపి, గంటకు ఎంత దిగుతోందో స్కేలు పెట్టి చూడండి. గంటకు 2, 3 సెంటీమీటర్లు దిగితే చాలు. మర్నాటికీ నీళ్లు అలాగే నిలిచి ఉంటే, అక్కడ నేల మీద మట్టి పోసి కట్ట ఎత్తాల్సిందే.

రెండోది గాజు గ్లాసు పరీక్ష. శనగగింజంత ఎండు మట్టి పెళ్లను గ్లాసులోని వాన నీటిలోనో డిస్టిల్డ్ వాటర్‌లోనో మెల్లగా వదిలి, కదపకుండా రాత్రంతా ఉంచండి. తెల్లారి చూస్తే పెళ్ల విడిపోయినా చుట్టూ నీళ్లు తేటగా ఉంటే సరే. పెళ్ల చుట్టూ పాలలాంటి మబ్బు కమ్మితే ఆ మట్టిలో సోడియం ఎక్కువని అర్థం. ఇలాంటి నేలకు జిప్సం పనిచేస్తుంది. చదరపు మీటరుకు కిలో వరకు చల్లి, పైమట్టిలో కలిపి, నీళ్లు పెట్టాలి. నీళ్లు తేటగానే ఉంటే జిప్సం కొనకండి, డబ్బు దండగ. అక్కడ ఆకు కంపోస్ట్ కొద్దిగా కలిపితే చాలు.

తర్వాత ఒక సెలవు రోజున పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ముందు తోటను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. దక్షిణార్ధగోళంలో సూర్యుడు ఉత్తరం వైపు నుంచి వస్తాడు కాబట్టి ఇంటికి దక్షిణం వైపు గోడ చలికాలమంతా నీడలోనే ఉంటుంది. మన ఊళ్లో లెక్క ఇక్కడ తిరగబడుతుంది, మొక్కను తప్పు చోట పెట్టడానికి ఇదే పెద్ద కారణం.

గడ్డిని వేరుతో సహా వదిలించండి

ఈ పని విసుగు పుట్టిస్తుంది. అయినా దీన్ని తప్పించుకుంటే మిగతాదంతా వృథా. ఇక్కడి పచ్చికల్లో ఎక్కువగా ఉండేవి కికుయు, కౌచ్. కికుయు తూర్పు ఆఫ్రికా గడ్డి. కౌచ్ మరేదో కాదు, వినాయకుడి పూజలో పెట్టే మన గరికే. గరిక మొండితనం తెలిసినవాళ్లు ఈ రెండిటినీ తేలిగ్గా తీసుకోరు. కణుపు ముక్క ఒక్కటి మిగిలినా చాలు, కొత్తగా నాటిన మొక్కల మధ్యలోంచి లేస్తుంది. అప్పుడు దాన్ని పీకితే మొక్క కూడా లేచి వస్తుంది.

ఏప్రిల్‌లో నాటాలనుకుంటే జనవరిలోనే మొదలుపెట్టండి. గడ్డిని నేలకు తగిలేలా కోసి, బాగా తడిపి, పైన పల్చని పారదర్శక ప్లాస్టిక్ షీటు పరిచి, అంచులు మట్టితో మూసేయండి. ఎండ తీవ్రంగా ఉండే 6 వారాలు అలా ఉంచితే పైన ఉన్న గడ్డీ, చాలా కలుపు విత్తనాలూ ఉడికి చస్తాయి. ఆ తర్వాత గునపంతోనో, ఇక్కడ దొరికే మేటక్‌ (గునపం లాంటి వెడల్పు మొన ఉన్న పనిముట్టు)తోనో తవ్వి, లోతున మిగిలిన తెల్లటి వేరు తీగల్ని ఏరేయండి. ఏరిన వాటిని కంపోస్ట్‌లో వేయొద్దు, అక్కడా బతుకుతాయి.

కలుపుమందు వాడదలచుకున్నవాళ్లు గడ్డి పచ్చగా పెరుగుతున్నప్పుడే, లేబుల్ మీద ఉన్న మోతాదులోనే వాడాలి. చలికి మందగించిన కికుయు మీద కొడితే మందు వేరుదాకా పోదు.

పక్కింటి పచ్చిక మీ హద్దును ఆనుకుని ఉంటే, ఆ అంచున పారతో 15 సెంటీమీటర్ల లోతు సన్నటి కాలువ తీసి ఉంచండి. నెలకోసారి అందులో కనిపించే తీగల్ని తెంపేస్తే గడ్డి మీ వైపు దాటదు.

తవ్వే ముందు ఒక మాట. గ్యాస్, ఫైబర్, కరెంటు తీగలు ముందు తోట కిందనుంచే వెళ్తాయి. బిఫోర్ యూ డిగ్ ఆస్ట్రేలియా సేవకు 1100 నంబర్‌లో గానీ ఆన్‌లైన్‌లో గానీ అడిగితే వాటి ప్లాన్లు పంపిస్తారు. రోడ్డుకూ మీ హద్దుకూ మధ్యనున్న నేచర్ స్ట్రిప్ మీది కాదు, కౌన్సిల్‌ది. అక్కడ నాటాలంటే మీ కౌన్సిల్ నియమాలు చూసి, అవసరమైతే అనుమతి తీసుకున్నాకే దిగండి.

ఏ చోటికి ఏ మొక్క

పూర్తి ఎండ, గట్టి బంకమట్టి, నీళ్లు తక్కువ. ఇదే మీ పరిస్థితి అయితే మొదటి ఓటు క్రీపింగ్ బూబియాలాకే. శాస్త్రీయ నామం మయోపోరమ్ పార్విఫోలియం. విక్టోరియా, సౌత్ ఆస్ట్రేలియా, న్యూ సౌత్ వేల్స్ దీని సొంత ప్రాంతాలు. ఎత్తు జానెడు మించదు, ఒక్క మొక్క 1 నుంచి 3 మీటర్ల దాకా పాకుతుంది. దీని కొమ్మను ఎత్తి చూడండి: నేలకు తగిలిన ప్రతి కణుపు దగ్గరా తెల్లటి వేళ్లు దిగి ఉంటాయి. అందుకే ఇది మట్టిని అంత గట్టిగా పట్టుకుంటుంది, కాలువ గట్ల లాంటి ఏటవాలు చోట్ల కూడా కోతను ఆపుతుంది. వసంతం నుంచి వేసవి దాకా చిన్న తెల్లని పూలు, వాటి మీద తేనెటీగలు. సన్న ఆకు రకం, వెడల్పాకు రకం, ఊదారంగు కాడల రకం మూడూ నర్సరీల్లో దొరుకుతాయి. సన్న ఆకుది నేలను బాగా దట్టంగా కప్పుతుంది.

దారి అంచున రంగు కావాలంటే ఎల్లో బటన్స్, అంటే క్రైసోసెఫాలమ్ అపిక్యులేటమ్. బూడిదరంగు ఆకులు, పసుపు గుండీల్లాంటి పూలు. పశ్చిమ మైదానపు సహజ గడ్డిభూముల్లో పెరిగే మొక్క ఇది. ఇళ్ల కోసం ఆ గడ్డిభూముల్లో చాలా భాగం పోయింది. వాటి మొక్కని ఇంటి ముందు నిలబెట్టడం నాకు ముఖ్యమైన విషయంగా అనిపిస్తుంది. ఆస్ట్రేలియన్ పెయింటెడ్ లేడీ అనే సీతాకోకచిలుక దీని మీద గుడ్లు పెడుతుంది. ఆకులు అల్లుకుపోయి లోపల ముళ్ల గొంగళిపురుగు కనిపిస్తే మందు కొట్టకండి. పురుగు వెళ్లిపోయాక మొక్క మళ్లీ చిగురిస్తుంది.

పూల మీద మోజు లేకపోతే నాడింగ్ సాల్ట్‌బుష్ కూడా ఇదే నేలకు సరిపోతుంది. దాని చిన్న ఎర్ర పండ్లను పిట్టలూ బల్లులూ తింటాయి.

గ్రెవిలియా అందరికీ నచ్చుతుంది, నచ్చాల్సిందే. బ్రాంజ్ రాంబ్లర్, పూరిండా రాయల్ మాంటిల్ అనే పాకే రకాలు 3, 4 మీటర్ల వెడల్పు వస్తాయి. టూత్‌బ్రష్ ఆకారపు ముదురు ఎరుపు పూల కోసం రెడ్ వాటిల్‌బర్డ్, న్యూ హాలండ్ హనీఈటర్ లాంటి తేనెపిట్టలు వాలతాయి. కానీ నీరు నిలిచే బంకమట్టిలో వీటి వేళ్లు కుళ్లుతాయి. 25, 30 సెంటీమీటర్ల ఎత్తు మట్టికట్ట మీద మాత్రమే నాటండి. కట్ట వేయలేకపోతే గ్రెవిలియాను ఈసారికి వదిలేయడమే నా సలహా. గ్రెవిలియా ఆకులు తగిలితే కొందరికి చర్మం మీద దద్దుర్లు వస్తాయి, కత్తిరించేటప్పుడు గ్లౌజులు వేసుకోండి.

పలకల కంచె పక్కన గానీ, కట్ట మీదనుంచి కిందికి జారేలా గానీ హార్డెన్‌బెర్జియా బాగుంటుంది. చలికాలం చివర, తోటలో ఇంకేమీ పూయనప్పుడు, ఊదారంగు చిక్కుడు పూలతో నిండిపోతుంది. పాకే రకమో ఎగబాకే రకమో లేబుల్ మీద చూసి కొనండి. ఎగబాకేది పక్క మొక్కల్ని చుట్టేస్తుంది.

దక్షిణం గోడ నీడలో పైవేవీ సుఖంగా ఉండవు. అక్కడ నేటివ్ వయొలెట్, కిడ్నీ వీడ్ నాటండి. నేటివ్ వయొలెట్‌కు తడి కావాలి. ఏసీ నుంచి నీళ్లు కారే చోటు, కుళాయి దగ్గర చోటు దానికి బాగా నచ్చుతాయి. తెలుపు, ఊదా కలిసిన పూలను పాయసం మీద అలంకరణకు కూడా వేయొచ్చు, అవి తినదగినవే. కిడ్నీ వీడ్ అంటే డైకాండ్రా రెపెన్స్, చిన్న గుండ్రటి ఆకులతో పచ్చికలా పరుచుకుంటుంది. అడపాదడపా నడిస్తే తట్టుకుంటుంది. పిల్లలు రోజూ క్రికెట్ ఆడితే మాత్రం ఇదే కాదు, ఈ జాబితాలో ఏదీ నిలవదు. ఆటకు వెనక పెరట్లో కొంత పచ్చిక ఉంచండి.

వంటింటివాళ్లకు నచ్చేది వారిగల్ గ్రీన్స్. 1770లో కెప్టెన్ కుక్ తన నావికులకు స్కర్వీ రాకుండా ఈ ఆకుకూర పెట్టించాడు. వెంట ఉన్న వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్యాంక్స్ విత్తనాలు ఇంగ్లండ్‌కు తీసుకెళ్లాడు. మందపాటి ఆకులతో నేల మీద వేగంగా పాకుతుంది. ఇందులో ఆక్సలేట్లు ఎక్కువ కాబట్టి పచ్చిగా తినకూడదు. మరిగే నీటిలో 3 నిమిషాలు ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, ఆకును చల్లటి నీటితో కడిగి, తర్వాత పాలకూర పప్పు చేసినట్టే పప్పులో వేసుకోవచ్చు. వెల్లుల్లి, ఎండుమిర్చి పోపుతో చాలా బాగుంటుంది. కిడ్నీలో రాళ్ల సమస్య ఉన్నవాళ్లు మానుకోవడం మంచిది.

సముద్రం దగ్గర్లో ఉప్పుగాలి తగిలే ఇళ్లకు పిగ్‌ఫేస్ సరైనది. కార్పొబ్రోటస్ రోసీ, కార్పొబ్రోటస్ గ్లాసెసెన్స్ ఆస్ట్రేలియావి. కార్పొబ్రోటస్ ఎడ్యులిస్ దక్షిణాఫ్రికాది, అది తీసుకోకండి. నర్సరీలో ‘నేలను కప్పే మొక్కలు’ అన్న వరసలో ఉన్నవన్నీ ఈ దేశానివని అనుకోవద్దు. గజానియా కూడా దక్షిణాఫ్రికా మొక్కే, తోటలు దాటి రోడ్ల పక్కన కలుపుగా మారింది. వేలాడే వెండి ఆకుల డైకాండ్రా అమెరికా ఖండంది. లేబుల్ మీద శాస్త్రీయ నామం చదివే అలవాటు చేసుకోండి.

మెల్‌బోర్న్ కాకుండా వేరే నగరాల్లో ఉన్నవాళ్లకు రెండు ముక్కలు. బ్రిస్బేన్ తేమలో పశ్చిమ ఆస్ట్రేలియా మొక్కలు కుళ్లిపోతాయి. అక్కడ నేటివ్ వయొలెట్, హిబ్బెర్షియా స్కాండెన్స్, తియ్యటి చిన్న పండ్లిచ్చే మిడ్యిమ్ నాటుకోండి. సిడ్నీలో బ్లాక్‌టౌన్, వెస్ట్‌మీడ్ వైపు షేల్ బంకమట్టి కాబట్టి హార్డెన్‌బెర్జియా, డైకాండ్రా రెపెన్స్, కట్‌లీఫ్ డైసీ బాగుంటాయి. పెర్త్ ఇసుక నీటిని పీల్చుకోదు, పైనుంచే జారిపోతుంది. ముందు ఇసుకలోకి నీరు ఇంకేలా చేసే వెటింగ్ ఏజెంట్ కలిపి, తర్వాత బాంక్సియా బ్లెక్నిఫోలియా, ఎరిమోఫిలా గ్లాబ్రా పాకే రకాలు నాటాలి.

కొనే ముందు పెరిగిన మొక్కల్ని చూడాలనుకుంటే మెల్‌బోర్న్‌లో క్రాన్‌బోర్న్ రాయల్ బొటానిక్ గార్డెన్స్‌కు ఒక ఆదివారం వెళ్లండి. అక్కడ 2006లో తెరిచిన ఆస్ట్రేలియన్ గార్డెన్ మొత్తం ఈ దేశపు మొక్కలతోనే కట్టింది. సిడ్నీవాళ్లకు మౌంట్ అన్నన్, పెర్త్‌వాళ్లకు కింగ్స్ పార్క్ ఉన్నాయి.

ఎన్ని మొక్కలు, ఎంత సైజు

4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు ఉన్న మడి తీసుకుందాం, 12 చదరపు మీటర్లు. మీటరు దూరంలో నాటితే 12 బూబియాలాలు పడతాయి. ఓపిక ఉంటే మీటరున్నర దూరంలో 6 చాలు, కప్పడానికి ఇంకో ఏడాది పడుతుంది. ఎల్లో బటన్స్ లాంటి చిన్నవి 40, 50 సెంటీమీటర్ల దూరంలో కావాలి. అవే మడంతా వేస్తే 50 పైచిలుకు అవుతాయి. అందుకే మధ్యలో బాగా పాకేవి, అంచుల్లో చిన్నవి.

పెద్ద కుండీ మొక్కలు కొనకండి. ట్యూబ్‌స్టాక్ అని చిన్న సన్నటి కుండీల్లో, సుమారు 5 సెంటీమీటర్ల వెడల్పుతో వచ్చే నారు చాలా చవక. వేళ్లు చుట్టుకుపోకుండా ఉంటాయి కాబట్టి కొత్త మట్టిలోకి తొందరగా దిగుతాయి. ఏడాదీ రెండేళ్లలో పెద్ద కుండీ మొక్కను అందుకుంటాయి. స్థానిక మొక్కల నర్సరీల్లో అడగండి. మీ ప్రాంతపు మొక్కల జాబితా చాలా కౌన్సిళ్ల వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతుంది.

నాటడం

మెల్‌బోర్న్‌లో నాటడానికి మార్చి చివర నుంచి మే దాకా మంచి కాలం. నేల ఇంకా వెచ్చగా ఉంటుంది, వానలు మొదలవుతాయి, వేసవికి ముందే వేళ్లు లోపలికి పోతాయి. మంచు బాగా పడే ప్రాంతాలవాళ్లు సెప్టెంబర్ దాకా ఆగండి. డిసెంబర్, జనవరిల్లో ఎంత డిస్కౌంట్ ఉన్నా కొనొద్దు.

కుండీని ఒక బకెట్ నీళ్లలో బుడగలు రావడం ఆగేదాకా ముంచండి. కుండీ లోతే, దానికి రెండింతల వెడల్పుతో గుంట తీయండి. గుంట గోడలు పారతో నున్నగా అయి ఉంటాయి, వాటిని గీరి గరుకు చేయాలి. గుంటలో నీళ్లు నింపి ఇంకనివ్వండి. మొక్కను కుండీలో ఎంత లోతున ఉందో అంతే లోతున పెట్టి, తవ్విన మట్టితోనే పూడ్చండి. గుంటలో పాటింగ్ మిక్స్, అంటే కుండీల కోసం అమ్మే మట్టి, నింపడం చాలామంది చేసే పని. బంకమట్టిలో అది చుట్టుపక్కల నీళ్లన్నీ చేరి నిలిచే గుంట అవుతుంది, వేళ్లు అందులోనే కుళ్లుతాయి. మొక్క చుట్టూ చిన్న పాదు కట్టి, 4, 5 లీటర్ల నీళ్లు మెల్లగా పోయండి.

ఆ తర్వాత మల్చ్. ముతక చెక్కపేళ్లు 5 నుంచి 7 సెంటీమీటర్ల మందం పరవండి. సన్నటి పొడిలాంటి మల్చ్ వద్దు, అది అట్టకట్టి వాన నీటిని కిందికి పోనివ్వదు. కాండానికి చుట్టూ అరచేయంత ఖాళీ వదలండి.

ఎరువు దగ్గర ఆగండి

మొక్క అంటే పశువుల ఎరువు, కోడి ఎరువు వేయాలన్నది మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. గ్రెవిలియా, బాంక్సియాల దగ్గర అదే ప్రాణాంతకం. ఆస్ట్రేలియా నేలలు చాలా పాతవి, యుగాలుగా వానకు కడిగి కడిగి వాటిలో భాస్వరం తగ్గిపోయింది. ఈ కుటుంబం మొక్కలు గుత్తులు గుత్తులుగా సన్నటి వేళ్లు పెంచి, ఆ కొద్ది భాస్వరాన్నీ లాగేసుకోవడం నేర్చుకున్నాయి. వాటికి ఒక్కసారిగా బోలెడు భాస్వరం ఇస్తే తీసుకోవడం ఆపలేవు. ముందు ముదురాకుల అంచులు మాడతాయి, కొత్త చిగుళ్లు పసుపెక్కుతాయి, తర్వాత మొక్క చస్తుంది. ఆకులు వాడాయని చూసి ఇంకాస్త ఎరువు వేస్తే అంతే సంగతులు.

సంచి మీద నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు రాసి ఉంటాయి. మధ్యలోది, భాస్వరం, 2 శాతం దాటకూడదు. ‘నేటివ్’ అని రాసిన నెమ్మదిగా కరిగే గుళికలు వసంతంలో ఒకసారి, చెప్పిన మోతాదులో సగం వేస్తే చాలు. బూబియాలాకు, సాల్ట్‌బుష్‌కు అది కూడా అక్కర్లేదు. కరివేపాకుకూ మల్లెకూ వేసే ఎరువు వాటి కుండీల్లోనే ఉండనివ్వండి.

పశ్చిమ మెల్‌బోర్న్ మట్టి చాలాచోట్ల క్షారగుణం ఉన్నది. అందువల్ల కొత్త ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే అది ఇనుము అందకపోవడం. ఐరన్ కిలేట్ నీళ్లలో కలిపి పోస్తే కోలుకుంటుంది.

మొదటి వేసవి, ఆపైన

నాటిన నెలలో వాన పడకపోతే వారానికి రెండుసార్లు నీళ్లు. మొదటి వేసవిలో వారానికి ఒకసారి, కానీ లోతుగా. రోజూ కొద్దికొద్దిగా చిలకరిస్తే వేళ్లు పైపైనే తిరిగి, 40 డిగ్రీల రోజున మాడిపోతాయి. విక్టోరియాలో స్ప్రింక్లర్లూ డ్రిప్ లైన్లూ సాయంత్రం 6 నుంచి ఉదయం 10 లోపే వాడాలి. ట్రిగ్గర్ నాజిల్ ఉన్న హోస్‌తో చేత్తో పట్టేదైతే ఎప్పుడైనా పెట్టొచ్చు. రెండో వేసవి నుంచి వరసగా వేడి రోజులు వచ్చినప్పుడు మాత్రమే నీళ్లు సరిపోతాయి.

కలుపు మొదటి ఏడాది రెండు వారాలకోసారి ఏరాలి. పది నిమిషాల పనే, వాయిదా వేస్తే పూర్తి వారాంతం పోతుంది. మొక్కలు ఒకదానికొకటి తగిలి మూసుకున్నాక కలుపు దానంతటదే తగ్గుతుంది.

పాములు దాక్కుంటాయేమోనని చాలామంది అడుగుతారు. గడ్డిభూముల దగ్గరి కొత్త ఎస్టేట్లలో పాములు కనిపించే మాట నిజమే, అనుమానం సరైనదే. గుమ్మం, నడిచే దారి, చెత్త డబ్బాల దగ్గర అర మీటరు మేర కంకర గానీ పలకలు గానీ వేసి ఖాళీ ఉంచండి. అక్కడ బెత్తెడు ఎత్తు దాటని మొక్కలే పెట్టండి. పాత చెక్కలూ రేకులూ పడేసి ఉంచకండి. దట్టంగా పెరిగిన చోట ఎక్కువగా కనిపించేది బ్లూటంగ్ బల్లి. దానివల్ల మనకు హాని లేదు, నత్తల్ని తింటుంది. అందుకే నత్తల మందు గుళికలు చల్లకండి, ఆ మందు తిన్న నత్తల వల్ల అదీ చస్తుంది.

కత్తిరింపు పూలయ్యాకే. గ్రెవిలియాను, హార్డెన్‌బెర్జియాను మూడో వంతు మించకుండా, ఆకులున్న భాగం వరకే కోయాలి. ఎల్లో బటన్స్‌ను చలికాలం చివర బాగా కిందికి కోసేయొచ్చు, కింది నుంచి కొత్త పిలకలు వస్తాయి. బూబియాలా మధ్యలో ముదిరి కట్టెలా కనబడితే, ఆ చోట కొంచెం మట్టి వేసి పక్క కొమ్మను లాగి, రాయి బరువు పెట్టండి. కణుపుల దగ్గర వేళ్లు దిగి ఖాళీ మూసుకుంటుంది.

ఎక్కడైనా మొక్క చచ్చి ఖాళీ వస్తే మళ్లీ కొనాల్సిన పని లేదు. మార్చిలో బూబియాలా కొసలు వేలెడు పొడవు కోసి, కింది ఆకులు తీసేసి, తడి ఇసుకలో గుచ్చి నీడలో పెడితే కొన్ని వారాల్లో వేళ్లొస్తాయి. నేటివ్ వయొలెట్‌ను గుబురుగా ఉన్న చోట పారతో ముక్క తీసి నాటుకోవచ్చు. పిగ్‌ఫేస్ కొమ్మను విరిచి ఒకరోజు ఆరనిచ్చి గుచ్చితే చాలు. పక్క వీధిలో ఎవరైనా కొత్త ఇంట్లోకి దిగుతున్నారంటే, వాళ్ల కోసం ఇంకో ట్రేలో కూడా గుచ్చి పెట్టండి.